ముడి లేని కుట్టు

బొంతల పిన్ని కుట్టిన పిల్లల బట్టలో ముడి ఉండదు. ఎంత వెతికినా దొరకదు. దారం కొసన ముడి వేస్తే అది పసివాళ్ళ ఒంటికి గుచ్చుకుంటుంది, వాళ్ళు నోరు తెరిచి చెప్పలేరు, ఊరికే ఏడుస్తారు, తల్లులేమో కడుపునొప్పి అనుకుని మందు పోస్తారు అని ఆవిడ వాదన. అందుకని దారం కొసను నాలుగైదు కుట్ల మేర వెనక్కీ ముందుకీ నడిపి బట్టలోనే దాచేస్తుంది. నలభై ఏళ్ళుగా అదే పద్ధతి.

ఆవిడ కొత్త బట్ట కుట్టదు. కొత్త బట్టకి పొగరెక్కువ, చెప్పిన మాట వినదు అంటుంది. వీధిలో ఎవరింట్లో దుప్పటి నడుమ చిరిగినా, చొక్కా కాలరు నలిగి పీచయినా ఆవిడ దగ్గరికే వస్తుంది. చిరిగిన చొక్కా చూస్తే అందరికీ చిరుగు కనిపిస్తుంది, ఆవిడకి మాత్రం అందులో దాక్కున్న నాలుగు చొంగగుడ్డలూ ఒక చిన్న లాగూ కనిపిస్తాయి. చేతులు రెండూ గుడ్డబొమ్మకి కాళ్ళవుతాయి. మిగిలిన ముక్కలు బొంతలోకి పోతాయి. పురిటికి వెళ్ళే ప్రతి అమ్మాయి సంచిలోనూ ఆవిడ బొంత ఒకటి ఉండాల్సిందే. అందుకే ఆ పేరు వచ్చింది. నాలుగేళ్ళ పిల్లలూ పిన్నీ అంటారు, ఎదురుగా బట్టలు ఇస్త్రీ చేసే అరవై ఏళ్ళ మనిషీ పిన్నీ అంటాడు. ఆవిడ అతన్ని అబ్బాయ్ అంటుంది. పై వరసలో అతనికి పళ్ళు రెండే మిగిలినా సరే.

ఇంటి వెనక గది ఒకటి ఖాళీగా ఉంటే, ఒక చంటిపిల్లను చంకనేసుకుని ఒక అమ్మాయి వచ్చి అందులో దిగింది. పెద్ద ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట ఆ అమ్మాయికి పని. భర్త ఆ పిల్ల పుట్టకముందే పోయాడు. పిల్ల గుండ్రంగా, బుడ్డగా ఉండేది. పిన్ని గుండీల డబ్బా దొరికితే చాలు, తిండి కూడా అడిగేది కాదు. గుండీలన్నీ నేల మీద పోసుకుని రంగు రంగుకీ వేరు చేసేది, మళ్ళీ అన్నీ కలిపేసేది. అలా దానికి బొత్తాం అని పేరు పడింది.

ఒకరోజు ఆ అమ్మాయికి జ్వరం వచ్చింది. తను పనిచేసే ఆసుపత్రిలోనే మంచమెక్కుతూ, "రెండ్రోజులు చూస్తూ ఉండు పిన్నీ, వచ్చేస్తా" అంది. మూడు వారాలు పోరాడింది, రాలేదు. ఆ రెండ్రోజులు పధ్నాలుగు నెలలయ్యాయి.

పధ్నాలుగు నెలల్లో పిన్ని ఆ పిల్లకి తల దువ్వింది, దగ్గొస్తే వీపు నిమిరింది, గుడ్డబొమ్మలు తొమ్మిది కుట్టింది. నిద్రలో ఏ వైపుకి దొర్లుతుందో తెలుసుకుంది. రోజులు ఇలాగే గడిచిపోతాయనుకుంది. అనుకోవడానికేం, అడ్డెవరు.

పిల్లల సంక్షేమ ఆఫీసునుంచి కాగితం వచ్చింది. పిల్ల తండ్రికి ఒక అక్క ఉందట, ఆవిడ జాడ తెలిసిందట, పిల్లను తీసుకువెళ్తుందట. వచ్చి సంతకం పెట్టమన్నారు. పిన్ని ఉతికిన బట్టలు కట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. గుమాస్తా చెడ్డవాడేం కాదు, మర్యాద తెలిసినవాడే. కుర్చీ చూపించాడు.

"పిల్లకి మీరేమవుతారమ్మా?"

"పిన్నిని."

"అంటే తల్లికి చెల్లెలు?"

"కాదు బాబూ. అందరికీ పిన్నినే."

గుమాస్తా కలం పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "అందరికీ పిన్ని అని రాయడానికి ఇందులో చోటు లేదమ్మా" అన్నాడు. వెక్కిరింతగా అనలేదు. నిజంగానే ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి 'ఇంటి యజమాని' అని రాశాడు. "వాళ్ళు సొంత మేనత్త కదమ్మా. మీకూ వయసు అరవై దాటింది. ఇందులో నేను చేసేదేం లేదు. ఆదివారం ఉదయం వస్తారు."

ఆ రోజు మంగళవారం.

పిన్ని ఇంటికొచ్చి, వెనక గదిలో ఉన్న ఆ అమ్మాయి పెట్టె తెరిచింది. ముతక నీలం కోటు ఒకటి, రెండు చొక్కాలు, అడుగున పసుపు పూల పొడుగు గౌను. నూలుది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. ఆ అమ్మాయి సెలవు రోజున అదే వేసుకుని మెట్ల మీద కూర్చునేది. పెద్ద మనిషి గౌను కాబట్టి బట్ట బోలెడు. పిన్ని దాన్ని తడిపి, ఆరేసి, ఎదురింటి అబ్బాయి చేత ఇస్త్రీ చేయించి, నేల మీద పరిచింది. కత్తెర పట్టుకుని చాలాసేపు చూసింది.

మామూలుగా అయితే అందులో రెండు పిల్లల గౌన్లు వస్తాయి. పిన్ని ఒక్కటే కోసింది. నాలుగేళ్ళ పిల్ల గౌను కాదు, తొమ్మిదేళ్ళ పిల్ల గౌను కోసింది. కింద భాగాన్ని రెండేసి వేళ్ళ వెడల్పున లోపలికి మడిచి, నడుము కిందనుంచి అంచు దాకా చుట్టూ అయిదు మడతలు పెట్టింది. పై భాగంలో భుజాల దగ్గరా, చంకల కిందా కూడా బట్ట వదిలింది. ఏడాదికొక మడత విప్పితే పిల్లతోపాటు గౌను పెరుగుతుంది. తల్లి బట్ట అయిదేళ్ళు ఒంటి మీద ఉంటుంది.

అంతవరకూ ఎవరైనా చేసే పనే. అయితే పిన్ని మనసులో ఇంకొకటుంది.

ఆవిడ భర్త బతికున్నప్పుడు గిడ్డంగిలో ధాన్యం బస్తాల మూతులు కుట్టేవాడు. కొక్కెం ఉన్న సూదితో వేసే గొలుసుకుట్టు అది. ఒక చివర పట్టి లాగితే బిగుసుకుంటుంది, రెండో చివర పట్టి లాగితే మాత్రం మూరలకొద్దీ దారం సర్రున ఊడొస్తుంది. తెలియనివాడు అరగంట గింజుకుని చివరికి కత్తెర పెడతాడు. ఆయన ఆ సూదిని పిన్నికి వదిలి వెళ్ళాడు. మడతలన్నీ ఆవిడ ఆ సూదితో ఆ కుట్టే వేసింది. ఊడే కొసను ఎడమ జేబు పక్కన, అతుకు లోపల దాచింది. అక్కడుందని ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇస్త్రీ అబ్బాయి బొగ్గులు ఆరబోస్తూ, గుమ్మంలో కూర్చుని కుడుతున్న పిన్నిని చూసి పలకరించాడు.

"ఇంకా అవలేదా పిన్నీ? కోటకి గోడ కడుతున్నావా ఏంటి?"

"నీ పెట్టె చల్లారిపోతోంది చూసుకో."

అతను దగ్గరికొచ్చి మడతలు వేలితో తడిమాడు. "ఇది బస్తా కుట్టు కదూ. పిల్ల గౌనుకి బస్తా కుట్టేంటి?"

పిన్ని తల ఎత్తలేదు. "ఏడాదికోసారి విప్పాలి. ఎలా విప్పాలో వాళ్ళకి తెలీదు. నా దగ్గరికే తీసుకురావాలి."

అతను నవ్వాడు. "నువ్వు గౌను కుట్టట్లేదు పిన్నీ. ఉచ్చు పన్నుతున్నావు."

"పన్నితే పన్నాను. ఏడాదికి ఒక్కసారి. ఒక్క పూట. అదీ ఎక్కువేనా?"

"ఎక్కువని నేనన్నానా." మళ్ళీ మడతల మీదికి వంగాడు. "మరి అయిదింటికీ ఒకటే దారం నడిపావేం? ఒకటి లాగితే అయిదూ ఊడి కూర్చుంటాయి."

"అయిదు దారాలైతే పది కొసలు. బట్ట ఎంత పల్చబడిందో చూడు, పది కొసలు ఎక్కడ దాచను? మధ్యమధ్య ముడులేస్తే పిల్ల నడుముకి గుచ్చుకోవూ?"

"ఒక్క ముడికి ఏమవదులే."

"నేను ముడి వెయ్యను" అంది పిన్ని. "లాగేది నేనేగా. ఎక్కడ ఆపాలో నా చేతికి తెలుసు."

అతను భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమే అతనికి కొత్త బొగ్గుల బస్తా వచ్చింది. "బొత్తాం" అని కేక వేశాడు. వారానికోసారి బస్తా వచ్చినప్పుడల్లా దాని మూతి కుట్టు ఊడదీసే అధికారం ఆ పిల్లదే. బొత్తాం గుండీలు అక్కడే వదిలేసి పరిగెత్తింది. రెండు చేతులతో కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచింది. సర్రుమని ఈ చివరనుంచి ఆ చివరదాకా ఊడింది. ఊడిన దారాన్ని ఎప్పటిలాగే గుప్పిట్లో కుక్కుకుని ఇంటికి తెచ్చుకుంది. మంచం కింద డబ్బాలో అలాంటివి కొల్లలు.

ఆదివారం పదింటికి మేనత్త వచ్చింది. రెండు బస్సులు మారి, స్టాండులో ఒక వ్యాను మాట్లాడుకుని వచ్చింది. చెడ్డ మనిషైతే బాగుండేదని పిన్నికి ఒక్క క్షణం అనిపించింది, అప్పుడు తిట్టుకోవడానికైనా ఉండేది. మనిషి సన్నగా, అలసిపోయి ఉంది. చేతులు పని చేసిన చేతులు. పిల్లను చూడగానే మోకాళ్ళ మీద కూర్చుని, "అచ్చం మా తమ్ముడి ముక్కే" అని కళ్ళు తుడుచుకుంది. బొత్తాం తన ముక్కు పట్టుకుని చూసుకుంది.

"మీరు చేసింది ఎవరూ చెయ్యరండీ పెద్దమ్మగారూ" అంది మేనత్త పిన్నితో. "మాకు తెలియనే తెలియదు. తెలిసుంటే అప్పుడే వచ్చేదాన్ని."

"కూర్చో అమ్మా. మంచినీళ్ళు తాగు."

"కూర్చోలేనండీ. పదకొండింటి బస్సు పోతే మళ్ళీ రేపే. ఇంట్లో ముగ్గురున్నారు, పక్కింట్లో వదిలొచ్చా."

పిన్ని గౌను తెచ్చి బొత్తానికి తొడిగింది. మోకాలి కిందికి సరిగ్గా నాలుగు వేళ్ళు. అయిదు మడతలు చుట్టూ గాట్లు పెట్టినట్టు అందంగా నిలబడ్డాయి. మేనత్త చూసి నిజంగానే సంతోషించింది.

"ఎంత బాగుందండీ. చక్కటి చేతిపని. మా చిన్నది దీనికంటే ఏడాది చిన్న. దీనికి పొట్టయ్యేసరికి దానికి సరిపోతుంది. మా ఇంట్లో అంతేలెండి, పైవాళ్ళది కిందవాళ్ళకి."

"పొట్టవదమ్మా" అంది పిన్ని. "ఇది పెరుగుతుంది. ఈ మడతలు చూశావా, ఏడాదికొకటి విప్పాలి. నా దగ్గరికి తీసుకొచ్చావంటే చిటికెలో విప్పుతా. వేసవిలో ఎప్పుడైనా సరే. ఒక్క పూట చాలు."

మేనత్త ఆవిడ మొహంలోకి చూసింది. అబద్ధం చెప్పడం తెలియని మనిషిలా ఉంది. "అంత దూరం రాగలమాండీ" అంది మెల్లిగా. "ఇప్పుడు రావడానికే పనిలో రెండు వారాల ముందు సెలవడిగి పెట్టుకున్నా. వస్తానని చెప్పి రాకపోతే మీరు ఎదురుచూస్తారు. అది బాగుండదు."

అయిదు రోజులు పన్నిన ఉచ్చు అరనిమిషంలో తెగిపోయింది, తెంచిన మనిషికి అది ఉచ్చని కూడా తెలియదు. పైగా మాట మర్యాదగా ఉంది, పట్టుకుని లాగడానికి దానికీ కొస లేదు.

"పెట్టె ఎక్కడుందండీ?" అంది మేనత్త.

"వెనక గదిలో. బరువమ్మా, డ్రైవరు బాబుని పిలువు."

వాళ్ళిద్దరూ వెనక్కి వెళ్ళారు. ముందు గదిలో పిన్నీ, బొత్తామూ మిగిలారు. వ్యాను హారన్ దగ్గర వీధి పిల్లలు చేరి నొక్కుతున్నారు.

పిన్ని గబగబా ఆలోచించింది. తను విప్పే దారి లేదు. విప్పడం ఎలాగో ఎవరికీ చెప్పకపోతే, ఇంకో ఏడాదికి ఈ గౌను కింది పిల్లకి పోతుంది, ఆ తర్వాత నేల తుడిచే గుడ్డవుతుంది. లోపల ఇంత బట్ట ఉందని ఎవరికీ తెలియదు. తల్లి గౌను ఉన్నది ఒక్కటే. మేనత్తకి చెబుదామంటే ఆవిడ పెట్టెతో ఉంది, చెప్పినా వినే తీరిక లేదు. వచ్చాక చూపిద్దాం, ముందు కొస బయటికి తీసి ఉంచుదాం అనుకుంది. ఈ లోపు పిల్లకి కూడా ఒక మాట చెప్పి పెడితే గుర్తుంటుందేమో అని ఆశ. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు.

నేల మీద కూర్చుని, పిల్లను దగ్గరికి లాక్కుని, జేబు పక్క అతుకులోంచి సూదిమొనతో దారం కొస బయటికి తీసింది.

"ఇటు చూడమ్మా. ఇది కనిపిస్తోందా? ఇక్కడుంటుంది. గౌను మోకాలి మీదికొచ్చినప్పుడు అత్తనడిగి..."

బొత్తాం కొస వైపు చూసింది. ఆ కొసను గుర్తుపట్టింది. దాని మొహం విచ్చుకుంది.

"ఇది బస్తా" అంది.

"బస్తాలాంటిదే, కానీ ఇప్పుడు..."

వద్దు అన్న మాటా, సర్రుమన్న చప్పుడూ ఒక్కసారే వచ్చాయి. బొత్తాం రెండు చేతులతో పట్టుకుని, నేర్చుకున్నట్టే, వెనక్కి వెనక్కి నడిచింది. బస్తా కుట్టు తిన్నగా పోతుంది, ఇది ఒంటి చుట్టూ తిరిగింది. దారం లాగినకొద్దీ పిల్ల తన చుట్టూ తానే తిరిగింది. మొదటి మడత విడిచి గౌను మూడు అంగుళాలు జారింది. పిన్ని చెయ్యి చాపి దారాన్ని ఒడిసి పట్టుకుంది, ఆపుదామని. పిల్ల తిరగడం ఆపలేదు. తను దారం పట్టుకుంటే అది ఇంకా గట్టిగా లాగినట్టయింది. రెండో మడత, మూడో మడత ఆవిడ వేళ్ళ మధ్య నుంచే ఊడాయి. వదిలేస్తే పిల్ల లాగుతోంది, పట్టుకుంటే తను లాగుతోంది. పిల్ల కిలకిలా నవ్వుతోంది. మధ్యలో ఒక్క ముడి ఉన్నా ఆగేది. నలభై ఏళ్ళలో ఆవిడ మొదటిసారి ఒక ముడి కోసం వెతికింది.

అయిదో మడత కూడా ఊడాక పిల్ల కళ్ళు తిరిగి కూలబడింది. మళ్ళీ లేచి నిలబడింది. గౌను పాదాల్ని కప్పేసి చుట్టూ నేల మీద పరుచుకుంది. పసుపు పూలు అంతా. భుజాల మీద నాలుగేళ్ళ పిల్ల, కింద తొమ్మిదేళ్ళ పిల్ల.

"మొత్తం ఊడింది పిన్నీ" అంది బొత్తాం గర్వంగా.

"ఊడిందమ్మా" అంది పిన్ని.

మేనత్త పెట్టె ఒక చివర పట్టుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "అయ్యో, ఇదేంటిది, ఇందాక బాగానే ఉందిగా?"

"మళ్ళీ వేస్తా. గంటన్నర... గంటలో వేసేస్తా. కాస్త ఆగుతావా అమ్మా?"

వెనక డ్రైవరు గడియారం చూసుకున్నాడు. మేనత్త డ్రైవరు వైపూ, పిన్ని వైపూ చూసింది. "ఇంటికెళ్ళాక నేను మడిచి కుడతాలెండి. నాకూ వచ్చు కాస్త" అంది. "తల్లీ, ఇది తీసేసి వేరేది వేసుకుందామా?"

బొత్తాం గౌనును రెండు గుప్పిళ్ళతో పట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఒక గుప్పిట్లో దారం కూడా ఉంది, కుట్టు విడిచిన దారం కాబట్టి ఉంగరాలు ఉంగరాలుగా ఉంది. దాన్ని పిన్ని అడగలేదు. అడిగినా ఇవ్వదని తెలుసు.

పిన్ని సూదిదిండు మీద గుండుసూదుల కోసం చూసింది. పిల్లల బట్టకి గుండుసూది పెట్టి పంపడం ఎలాగ? చెయ్యి వెనక్కి తీసుకుంది.

బయల్దేరారు. బొత్తాం గుడ్డబొమ్మని చంకలో ఇరికించుకుని, గౌను ఎత్తి పట్టుకుని మెట్లు దిగింది. వ్యాను ఎక్కడమంటే దానికి పండగే, వెనక్కి తిరిగి చూడడం గుర్తురాలేదు. "ఎత్తి పట్టుకో, తొక్కుతావు. ఎత్తి పట్టుకో" అంటూ పిన్ని వెనకే నడిచింది. ఇంకేవో చెప్పాలనుకుంది. ఎడమ వైపు తిరిగి పడుకుంటుందని, దగ్గొస్తే వీపు నిమరాలని. నోట్లోంచి ఆ ఒక్క మాటే వచ్చింది. మేనత్త పిల్లను ఎక్కించి, తనూ ఎక్కి, పిన్ని చెయ్యి ఒకసారి నొక్కి వదిలింది. తలుపు పడింది.

వ్యాను కదిలాక కనిపించింది. తలుపు సందులో గౌను ఇరుక్కుంది. జానెడు పసుపు పూల బట్ట బయట వేలాడుతోంది, చక్రానికి మూరెడు ఎత్తున.

"బట్ట" అంది పిన్ని. "తలుపులో బట్ట."

ఇస్త్రీ అబ్బాయి చూశాడు. వేడి ఇస్త్రీపెట్టె చేతిలోంచి కింద పెట్టాలన్న ధ్యాస కూడా లేకుండా వ్యాను వెనక పరిగెత్తాడు. "ఆపండయ్యా, తలుపు, తలుపు" అని అరిచాడు. పెట్టెలోంచి నిప్పురవ్వలు రాలాయి. పదడుగులు, ఇరవై అడుగులు. వ్యాను మలుపు తిరిగింది. బట్ట గాలికి ఒకసారి ఎగిరి తలుపుకి కొట్టుకోవడం కనిపించింది, అంతే.

అతను ఆయాసపడుతూ తిరిగొచ్చాడు. పెట్టె బల్ల మీద పెట్టాడు.

"ముందు ఎక్కడో ఆపుతారులే పిన్నీ. చూసుకుంటారు."

పిన్ని తన ఇంటి మెట్టు మీద కూర్చుంది. చూపుడు వేలి మీద దారం కోసిన గీత ఎర్రగా ఉంది.

"ఆవిడకి కుట్టు వచ్చంటగా" అన్నాడు అతను మళ్ళీ, ఏదో ఒకటి అనాలని. "మడిచి కుడుతుందిలే."

"ఎక్కడ మడవాలో ఎలా తెలుస్తుంది?"

"నీ సూది గుర్తులుంటాయి కదా బట్ట మీద. చుట్టూ చుక్కలు చుక్కలుగా. ఆ వెంటే మడిస్తే సరి."

పిన్ని తల ఊపింది. "ఉంటాయి. పాత నూలు కదా, ఒక్క ఉతుకు దాకా ఉంటాయి."

అతను బల్ల మీద రాలిన బూడిద తుడిచాడు. వాళ్ళు చేరేసరికి సాయంత్రమవుతుంది. రోడ్డు దుమ్మంతా ఆ అంచు మీదే ఉంటుంది. ముగ్గురు పిల్లల తల్లి ఇంటికి చేరగానే మొదట చేసే పని ఏమిటో ఇద్దరికీ తెలుసు.